ఆ మాట సమూయేలు అన్నది రాజుతో

తెలుగు సంఘాల్లో పెరిగినవాళ్ళకి ఒకటవ సమూయేలు 15:22 ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. "బలులు అర్పించుటకంటె ఆజ్ఞను గైకొనుటయు, పొట్టేళ్ల క్రొవ్వు అర్పించుటకంటె మాట వినుటయు శ్రేష్ఠము." సండే స్కూల్లో కంఠతా పట్టిస్తారు, క్యాలెండర్ల మీద అచ్చేస్తారు. పెద్దయ్యాక మనం ఏ విషయంలో నోరు తెరిచి "ఎందుకు?" అని అడిగినా ఈ వచనమే జవాబుగా వస్తుంది. కానుకల లెక్క అడిగినా ఇదే, దైవజనుడు వద్దన్న సంబంధం చేసుకుంటామన్నా ఇదే. మొగుడు కొడుతున్నాడని పుట్టింటికి వచ్చిన పిల్లకి కూడా ఇదే వచనం చదివి వినిపించడం నేను చెవులారా విన్నాను.

నేను విశ్వాసిని. దేవుని మాటకి లోబడాలని మనసారా నమ్ముతాను, మా ఊరి స్త్రీల కూడికలో చాలా ఏళ్ళుగా వాక్యం చదివిస్తున్నాను. అందుకే ఇది రాయాలనిపించింది. లోబడడం గురించి మనం తరచుగా వినే వచనాల్ని విడిగా తీసి వాడకుండా, అవి ఉన్న అధ్యాయం మొత్తం చదవండి. ఆ అధ్యాయాలు ముందుగా నిలదీసేది అధికారంలో ఉన్నవాళ్ళనే. కింద ఉన్నవాళ్ళ నోరు మూయించడానికి వాటిని వాడుతున్నామంటే మనం వాటిని చదవడం లేదన్నమాట.

ముందు ఈ 15వ అధ్యాయమే చూద్దాం. ప్రవక్త సమూయేలు ఆ మాట ఎవరితో అన్నాడు? సౌలుతో. ఇశ్రాయేలు మొదటి రాజుతో. చేతిలో సైన్యం ఉన్నవాడు, అప్పుడే యుద్ధం గెలిచి వస్తున్నవాడు. శత్రువులైన అమాలేకీయుల దగ్గర ఉన్నదేదీ మిగల్చొద్దని దేవుని ఆజ్ఞ. సౌలు వాళ్ళ రాజు అగగుని ప్రాణాలతో పట్టుకున్నాడు. గొర్రెల్లో ఎడ్లలో బాగున్నవాటిని అట్టే పెట్టుకుని, పనికిమాలినవాటిని మాత్రం నాశనం చేశాడు. తర్వాత కర్మెలుకి వెళ్ళి తన పేరున ఒక జ్ఞాపక స్తంభం నిలబెట్టుకున్నాడు. ఈ స్తంభం సంగతి 12వ వచనంలో ఉంది, ప్రసంగాల్లో ఎవరూ ఎత్తరు. సమూయేలు ఎదురుపడగానే సౌలే ముందుగా, యెహోవా ఆజ్ఞ నెరవేర్చానని చెప్పుకుంటాడు. సమూయేలు అడిగినది చాలా మామూలు ప్రశ్న: అలాగైతే నాకు వినబడుతున్న ఈ గొర్రెల అరుపులు, ఎడ్ల రంకెలు ఎక్కడివి?

ఆ ప్రశ్నకి సౌలు చెప్పిన జవాబు చూడండి. జనం తెచ్చారంటాడు. నీ దేవుడికి బలి ఇవ్వడానికే అంటాడు. తనకోసం ఉంచుకున్నదానికి దేవుని పేరు తగిలించాడు. బలి కంటే మాట వినడం శ్రేష్ఠం అని సమూయేలు అన్నది సరిగ్గా ఇక్కడ, ఈ సాకుకి జవాబుగా. ఆరాధన పేరు అడ్డం పెట్టుకుని ఆస్తి కూడబెట్టుకోకు అని ఒక ప్రవక్త రాజుని ముఖం మీద అడిగిన సందర్భం అది. దాన్ని తిరగేసి, అధికారంలో ఉన్నవాళ్ళు తమ మాట వినమని కింద ఉన్నవాళ్ళకి చదివి వినిపిస్తున్నారు.

అసలు దెబ్బ 24వ వచనంలో ఉంది. సౌలు ఒప్పుకుంటాడు: "జనులకు జడిసి వారి మాట వినినందున" పాపం తెచ్చుకున్నానని.

మా కూడికలో ఈ అధ్యాయం చదివిన రోజు ఇక్కడికి వచ్చేసరికి ఒకామె ఆపింది. మిరప కోతలకి వెళ్ళే మనిషి, చదువు పెద్దగా లేదు. పక్కనామె చదువుతుంటే వేలు పెట్టి వరస వెంట వస్తుంది. "టీచరమ్మా, మళ్ళీ చదివించండి ఆ ముక్క" అంది. మళ్ళీ చదివారు. "అయితే సౌలు చెడిపోయింది మనుషులకి భయపడి వాళ్ళ మాట వినబట్టే గదా? మరి మనుషుల మాట వినమని మాకు ఇదే వాక్యం ఎందుకు చెప్తారు?" కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నేను ఎన్నో వ్యాఖ్యానాలు చదివాను. ఇంత సూటిగా ఎవరూ అడగలేదు.

ఆమె అడిగినదే నా వాదన కూడా. ఆ అధ్యాయంలో అవిధేయత అంటే మనుషులకి జడవడం. దేవుని మాట పక్కన పెట్టి, గుంపు ఏమనుకుంటుందో అని చూసుకోవడం. 30వ వచనం దాకా వెళ్ళండి. నీ రాజ్యం పోయిందని సమూయేలు చెప్పాక కూడా సౌలు అడిగింది, నా జనుల పెద్దల ముందు నన్ను ఘనపరచమని! లోపల ఏం పోయినా సరే, పదిమందిలో పరువు నిలిస్తే చాలన్నమాట. మనిషి అంతలా చెడిపోవడానికి కారణం ఎవరి మాటా వినకపోవడం కాదు, వినకూడని మాట వినడం.

ఒక సంగతి దాటవేసి వెళ్ళలేను. ఆ అధ్యాయం మొదట్లో ఉన్న ఆజ్ఞ చంపమన్నవాళ్ళలో పసిపిల్లలు కూడా ఉన్నారు. దాన్ని సమర్థిస్తూ రాసినవి చాలా చదివాను, నా మనసు ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఆ వచనం దగ్గర ఆగిపోతాను. కూడికలో ఎవరైనా అడిగితే అదే చెబుతాను. నమ్మేవాళ్ళకి ఇలాంటి ప్రశ్న ఉండకూడదని మాత్రం చెప్పను. సౌలు సంగతి తెలిసిన రాత్రి సమూయేలు కూడా గుండె మండి రాత్రంతా మొర్రపెట్టాడని 11వ వచనంలో ఉంది. లోబడేవాడు దేవుని ముందు కూడా నోరు మెదపకూడదని ఆ పుస్తకం అనుకోలేదు.

ఆ సమూయేలు ఎలాంటివాడో తెలియాలంటే మూడు అధ్యాయాలు వెనక్కి వెళ్ళాలి. 12వ అధ్యాయంలో ముసలితనంలో ఆయన జనం ముందు నిలబడి తానే లెక్క చెప్పుకుంటాడు. నేను ఎవరి ఎద్దు తీసుకున్నాను? ఎవరి గాడిద పట్టుకున్నాను? ఎవరికి అన్యాయం చేశాను? ఎవరి దగ్గర లంచం పుచ్చుకున్నాను? సాక్ష్యం చెప్పండి, ఇచ్చేస్తాను అంటాడు. విధేయత గురించి ఒక రాజుని గద్దించే అర్హత ఆయనకి అలా వచ్చింది. ఈ రోజు 15వ అధ్యాయం మీద ప్రసంగించేవాళ్ళు దయచేసి 12వ అధ్యాయంతో మొదలుపెట్టాలి. సంఘం లెక్కల పుస్తకం బల్ల మీద పెట్టి, చూసుకోండి అని చెప్పి, ఆ తర్వాత 15:22 చదవాలి.

ఇలాగే తలకిందులైన ఇంకో వచనం 105వ కీర్తనలో ఉంది. "నేను అభిషేకించినవారిని ముట్టకూడదు." మన దగ్గర ఎవరైనా సేవకుడి డబ్బు వ్యవహారమో నడవడికో ప్రశ్నకి వస్తే, వెంటనే ఈ వచనం బయటికి వస్తుంది. దైవజనుడి మీద వేలెత్తితే శాపం తగులుతుందని భయపెడతారు. ఆ కీర్తన తెరిచి చూడండి. అక్కడ అభిషిక్తులన్నది అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల ఇంటివాళ్ళని. కొద్దిమంది, సొంత భూమి లేనివాళ్ళు, ఒక రాజ్యం నుంచి ఇంకో రాజ్యానికి తిరిగే పరదేశులు. వాళ్ళ జోలికి రావొద్దని దేవుడు గద్దించినది రాజుల్ని. దిక్కులేనివాళ్ళకి కాపుగా ఇచ్చిన మాటని స్టేజి మీద సింహాసనం లాంటి కుర్చీలో కూర్చున్నవాళ్ళు తమకి కవచం చేసుకున్నారు. ఇది నాకు చాలా కోపం తెప్పించే విషయం, దాచుకోను.

దేవుడు నాకు చెప్పాడు, నువ్వు విను అనే మాట విషయంలో బైబిల్ ఎంత గట్టిగా హెచ్చరిస్తుందో తెలియాలంటే మొదటి రాజులు 13వ అధ్యాయం చదవాలి. ఇది సండే స్కూల్లో చెప్పరు, సభల్లో కూడా నేను అరుదుగా విన్నాను.

యూదా నుంచి ఒక దైవజనుడు బేతేలుకి వస్తాడు. పేరు లేదు. యరొబాము రాజు బలిపీఠం దగ్గర ధూపం వేస్తుంటే ఎదురుగా నిలబడి దేవుని తీర్పు చెబుతాడు. పట్టుకోండి అని రాజు చాపిన చెయ్యి ఎండిపోతుంది. అతను ప్రార్థిస్తే బాగవుతుంది. రాజు ఇంటికి రమ్మంటాడు, బహుమానం ఇస్తానంటాడు. నీ ఇంట్లో సగం ఇచ్చినా రాను అంటాడతను. అక్కడ అన్నం తినొద్దు, నీళ్ళు తాగొద్దు, వచ్చిన దారిన తిరిగి వెళ్ళొద్దు అని అతనికి ఆజ్ఞ. రాజు ముందు నిలిచాడు, డబ్బుకి పడలేదు. ఇంకో దారిన బయల్దేరాడు.

బేతేలులో ఒక ముసలి ప్రవక్త ఉన్నాడు. కొడుకుల ద్వారా సంగతి విని, గాడిదకి గంత కట్టించుకుని వెంటపడి, చెట్టు కింద కూర్చున్న ఇతన్ని పట్టుకుంటాడు. మా ఇంటికి వచ్చి భోంచెయ్యి అంటాడు. ఇతను తనకున్న ఆజ్ఞ చెబుతాడు. అప్పుడు ఆ ముసలాయన, నేనూ నీలాంటి ప్రవక్తనే, నిన్ను తీసుకురమ్మని దేవదూత నాతో చెప్పాడు అంటాడు. అది అబద్ధమని అక్కడే రాసి ఉంది. ఇతను నమ్మి వెళ్తాడు. వెళ్ళి తిన్నాడు, తాగాడు. తిరుగుదారిలో సింహం ఎదురై చంపేస్తుంది. శవం దారిలో పడి ఉంటే, గాడిద ఒక పక్క, సింహం ఒక పక్క నిలబడి ఉంటాయి.

చదివిన ప్రతిసారీ నాకు అన్యాయంగానే అనిపిస్తుంది. మోసం చేసినవాడు బతికాడు, మోసపోయినవాడు చచ్చాడు. కానీ ఆ కథ చెబుతున్నది కూడా అదే అనుకుంటాను. రాజు బెదిరింపుకి, లంచానికి లొంగనివాడిని పడగొట్టింది వయసులో పెద్దవాడు, తోటి ప్రవక్త, దేవుని పేరుతో మాట్లాడినవాడు. నీకు స్పష్టంగా తెలిసిన దేవుని మాటకి విరుద్ధంగా ఎవరైనా "దేవుడు నాతో చెప్పాడు" అని వస్తే, వాళ్ళ తల ఎంత నెరిసినా, పేరు ముందు ఎన్ని బిరుదులున్నా, వినకూడదు. "నీ పొలం అమ్మి మందిరానికి ఇమ్మని ప్రభువు చూపించాడు," "ఈ అబ్బాయినే చేసుకోమని దర్శనం వచ్చింది" లాంటి మాటలు విని జీవితాలు పాడుచేసుకున్నవాళ్ళు మన చుట్టూ ఉన్నారు. వాళ్ళకి ఈ అధ్యాయం ఎవరైనా ముందే చదివించి ఉంటే ఎంత బాగుండేది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది న్యాయమైనదే. మరి హెబ్రీ 13:17 సంగతేమిటి? నాయకుల మాట "విని, వారికి లోబడియుండుడి" అని ఉంది కదా. ఉంది. ఆ వచనంలోనే వాళ్ళు "లెక్క ఒప్పచెప్పవలసినవారివలె" ఆత్మల్ని కాస్తున్నారని కూడా ఉంది. పది వచనాల ముందు, నాయకుల ప్రవర్తన ఫలం ఏమిటో శ్రద్ధగా తలంచుకుని వాళ్ళ విశ్వాసాన్ని అనుసరించమని ఉంది. అంటే ముందు చూడాలి. మందకి ప్రభువుల్లా ఉండొద్దు, మాదిరిగా ఉండండి అని పేతురు పెద్దలకే రాశాడు. సాక్షాత్తూ పౌలు చెప్పిన మాటల్నే బెరయ అనే ఊరివాళ్ళు ప్రతిరోజూ లేఖనాలు తీసి సరిచూసుకున్నారు. అపొస్తలుల కార్యములు 17:11 వాళ్ళని ఘనులంది, తిరుగుబాటుదారులనలేదు. మంచి కాపరికి లోబడడం నాకు ఇష్టమే. నేను పెరిగిన సంఘంలో కాపరి మాటంటే అందరికీ గురి. ఆయన్ని ఎవరైనా, ఏదైనా అడగగలిగేవాళ్ళు. ఆ గురి అలా కుదిరిందే.

ప్రశ్నించడం మొదలుపెడితే ప్రతివాడూ తన ఇష్టం వచ్చినట్టు నడుస్తాడని భయపడేవాళ్ళున్నారు. న్యాయాధిపతుల గ్రంథం చివర ఆ మాటే ఉందని చూపిస్తారు. వాళ్ళకి నేను పండిత రమాబాయిని గుర్తుచేస్తాను. 1858లో పుట్టిన సంస్కృత పండితురాలు. 1883లో ఇంగ్లండులో, ఆంగ్లికన్ సన్యాసినుల దగ్గర ఉండగా బాప్తిస్మం తీసుకున్నారు. ఆ తర్వాత ఆమెకీ అక్కడి సిస్టర్ జెరాల్డైన్‌కీ మధ్య ఉత్తరాల్లో పెద్ద వాదన నడిచింది. సంఘం బోధించినదంతా అలాగే ఒప్పుకోవాలని వాళ్ళు. మా దేశంలో పురోహితుల కాడి కింద నుంచి ఎంతో కష్టపడి బయటపడ్డాను, మీ పాదిరీల నుంచి వచ్చే ప్రతిదాన్నీ దేవుని ఆజ్ఞగా ఒప్పుకుని అలాంటి ఇంకో కాడి కిందికి వెళ్ళను అని 1885లో ఈమె. అలా అన్న మనిషి ఇష్టం వచ్చినట్టు బతికిందా? తిరిగి వచ్చి 1889లో బొంబాయిలో వితంతువుల కోసం శారదా సదన్ తెరిచారు. పుణె దగ్గర కేడ్గావ్‌లో ముక్తి మిషన్ నడిపారు. కరువులో అనాథలైన ఆడపిల్లల్ని తెచ్చి పెంచారు. మూలభాషలు నేర్చుకుని బైబిల్‌ని మరాఠీలోకి తెచ్చారు, 1922లో చనిపోయేదాకా అదే పని. మనుషుల కాడి వద్దన్న ఆమె దేవుని పని కింద జీవితమంతా తల వంచింది.

భార్యల విషయం క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఇందులో వాదించడానికేమీ లేదు. ఎఫెసీ 5:22 చదివేవాళ్ళు 21 నుంచి మొదలుపెట్టాలి: "క్రీస్తునందలి భయముతో ఒకనికొకడు లోబడియుండుడి." తర్వాత 25 చదవాలి. అక్కడ పురుషుడికి చెప్పింది, క్రీస్తు సంఘం కోసం తన్ను తాను అప్పగించుకున్నట్టు ప్రేమించమని. చెయ్యి చేసుకునే భర్త ఆ అధ్యాయంలో ఎక్కడా లేడు. దెబ్బలు తిని వచ్చిన ఆడపిల్లని "లోబడు, ప్రార్థన చెయ్యి, ప్రభువు మారుస్తాడు" అని అదే ఇంటికి తిరిగి పంపడం వాక్యానికి లోబడడం కాదు. గృహహింస నుంచి రక్షణకి 2005 నుంచి చట్టం ఉంది. ఆ పిల్లతో పాటు వెళ్ళి కంప్లైంట్ ఇప్పించడం సంఘ పెద్దల పని.

చట్టం మాట వచ్చింది కాబట్టి రోమా 13. "ప్రతివాడును పై అధికారులకు లోబడియుండవలెను." పౌలు ఈ మాటని ఎలా బతికాడో చూడాలంటే ఫిలిప్పీ జైలుకి వెళ్ళాలి. విచారణ లేకుండా కొట్టించి జైల్లో వేసిన అధికారులు తెల్లారాక చడీచప్పుడు లేకుండా వెళ్ళిపొమ్మంటే, పౌలు ఒప్పుకోలేదు. వాళ్ళే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకెళ్ళాలి అన్నాడు. వాళ్ళు వచ్చారు, బతిమాలుకున్నారు. అధికారాన్ని ఒప్పుకోవడం అంటే ఆ అధికారాన్ని దాని సొంత చట్టానికి కట్టుబడి ఉండమని అడగడం కూడా.

రోమా 13ని వల్లించే మన కుటుంబాల్ని ఒకటి అడగాలని ఉంది. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. పై అధికారులకి లోబడాలంటే కట్నం తీసుకోకూడదు. మరి మన పెళ్ళిళ్ళలో ఏం జరుగుతోంది? బల్లారాధన తీసుకునే చేత్తోనే కట్నం లెక్కపెట్టుకుంటున్నాం. పిల్లాడి తరఫున బేరం ఆడిన పెద్దమనిషే ఆదివారం ప్రార్థన నడిపిస్తాడు. క్రీస్తులో అందరూ ఒకటే అని పాడి, సంబంధాలు మాత్రం కులం చూసే కలుపుకుంటున్నాం. లోబడమని దేవుడు గట్టిగా చెప్పిన చోట మనకి వినపడదు. కూలివాడి కూలి తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దని లేవీయకాండం 19:13 ఆజ్ఞ. మా ఊళ్ళో పొలాలున్న విశ్వాసులు దీన్ని పాటిస్తే మిరప కోతల కాలంలో ఎన్ని ఇళ్ళు కుదుటపడతాయో నాకు తెలుసు. పొట్టేళ్ల క్రొవ్వు కంటే శ్రేష్ఠమైనది ఇదీ.

ఇంత చెప్పాక, సిలువకి ముందు రాత్రి యేసు ప్రార్థించిన గెత్సేమనే తోట గురించి చెప్పకపోతే అబద్ధమవుతుంది, ఎందుకంటే లోబడడం అనే మాటకి నేను తల వంచేది అక్కడే. "తండ్రీ, యీ గిన్నె నాయొద్దనుండి తొలగించుటకు నీ చిత్తమైతే తొలగించుము, అయినను నా యిష్టముకాదు, నీ చిత్తమే సిద్ధించునుగాక." యేసు ముందు అడిగాడు. మత్తయి ప్రకారం ఒకసారితో ఆగలేదు, మూడుసార్లు వెళ్ళి అదే ప్రార్థన చేశాడు. ఆ మాట అనడానికి ఆయనకి చెమట రక్తబిందువుల్లా కారిందని లూకా రాశాడు. శ్రమలవల్ల ఆయన "విధేయతను నేర్చుకొనెను" అని హెబ్రీ పత్రిక అంటుంది. ఆయనకే నేర్చుకోవలసి వచ్చింది.

ఆ రాత్రే ప్రధాన యాజకుడి ముందు, మర్నాడు ఉదయం రోమా అధిపతి పిలాతు ముందు ఆయన ఎలా ఉన్నాడో కూడా చదవాలి. బంట్రోతు చెంప మీద కొడితే, నేను తప్పు మాట్లాడితే ఆ తప్పేమిటో చెప్పు, లేకపోతే నన్నెందుకు కొడుతున్నావు అని అడిగాడు, యోహాను 18:23లో. పైనుంచి ఇవ్వబడితే తప్ప నీకు నా మీద ఏ అధికారమూ లేదని పిలాతుకి చెప్పాడు. తోటలో తండ్రికి పూర్తిగా లోబడిన మనిషి, ఆ తర్వాత ఎవరికీ జడవకుండా మాట్లాడాడు. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఉన్నాయో పట్టుకుంటే విధేయత గురించిన పాఠాలన్నీ దారికొస్తాయి. నాకు కష్టమైన రోజుల్లో, ఇష్టం లేని చోటికి వెళ్ళవలసి వచ్చినప్పుడు, ఆ తోటలో ప్రార్థనే నన్ను నిలబెట్టింది. దాన్ని ఇంకొకరి మెడ మీద కాడిగా పెట్టడానికి నాకు చెయ్యి రాదు.

మా కూడికలో తర్వాతి పాఠంగా సంఖ్యాకాండం 27 పెట్టుకున్నాం. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అనే ఐదుగురు అక్కచెల్లెళ్ళు గుడారం ద్వారం దగ్గర మోషే, యాజకుడు, ప్రధానులు, సర్వసమాజం ఎదుట నిలబడి, కొడుకులు లేరని మా నాన్న పేరు ఎందుకు పోవాలి, మాకూ భూమిలో వాటా ఇవ్వండి అని అడుగుతారు. మోషే వాళ్ళని కసరలేదు, దేవుణ్ణి అడిగాడు. వాళ్ళు చెప్పినది యుక్తమే అని దేవుడన్నాడు, చట్టం మారింది. 36వ అధ్యాయంలో బంధువులు వచ్చి ఇంకో షరతు పెట్టించుకున్నారు, అది కూడా చదవాలి. క్రైస్తవులకి వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం కూడా ఆ రోజు తెస్తానన్నాను. వీలునామా లేకపోతే తండ్రి ఆస్తిలో కొడుక్కీ కూతురికీ సమాన వాటా అని అందులో ఉంది. సంఘ పెద్దల్ని కూడా పిలిచాం. ఇద్దరు వస్తామన్నారు. మిగతావాళ్ళు ఆ పాఠం అవసరమా అని అడుగుతున్నారు.